కారు స్టీరియో మార్చకుండానే ఆంప్లిఫయర్ పెట్టించాలంటే

కారుతో వచ్చిన స్టీరియోను తీసేయకుండానే ఆంప్లిఫయర్ పెట్టించుకోవచ్చు. ఇలాంటి చాలా స్టీరియోలకు వెనక ఆర్‌సీఏ సాకెట్లు (ఆంప్లిఫయర్‌కు పాట సిగ్నల్ పంపే గుండ్రని సాకెట్లు) ఉండవు. కాబట్టి స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్లిఫయర్ కొనండి. వైర్లు కోయకుండా కప్లర్‌తో (ప్లగ్‌లా తగిలించే కనెక్టర్‌తో) కలపమని బిగించే మెకానిక్‌కు గట్టిగా చెప్పండి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది కరెంటు వైరు మీద. స్టీరియో వెనక ఉన్న సన్నని వైరు నుంచి కరెంటు లాగనివ్వకండి. బ్యాటరీ నుంచి నేరుగా విడి వైరు రావాలి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా వైరును. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచుకు తొడిగే రింగు) లేకపోతే రేకు అంచుకు ఒరుసుకుని వైరు తొడుగు తెగుతుంది. అప్పుడు ఫ్యూజు కూడా లేకపోతే మంటలు రేగే ప్రమాదం ఉంది. వైరు కొనేటప్పుడు ఒక పోగును చాకుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. ధర తక్కువే, కానీ అంతే కరెంటుకు ఇంకా లావు వైరు కావాలి. నా మటుకు పూర్తి రాగిదే కొనమంటాను.

ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి. కారు బాడీ మీద పెయింటు గీకేసి, మెరిసే లోహానికి బోల్టుతో బిగించాలి. ఇంజన్ వేగంతో పాటు పెరిగే కూత స్పీకర్లలో వినిపిస్తే ముందు అక్కడే వెతకండి.

ఆంప్లిఫయర్ మీద ఉండే గెయిన్ నాబ్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్లిఫయర్‌ను సరిపెట్టేది. స్టీరియోను ముప్పావు వంతు పెంచి, గెయిన్‌ను కనిష్ఠం నుంచి మెల్లగా తిప్పండి. పాట బరబరమనగానే ఆపి, కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి.