పాత స్టోరేజ్ కన్సోల్‌ను విండోస్ సర్వర్‌లో నడిపించడం

డిస్క్ ఎరే (చాలా డిస్కులున్న స్టోరేజ్ పెట్టె) గట్టిగానే ఉంటుంది, దాన్ని చూసుకునే సాఫ్ట్‌వేర్ కన్సోలే ముందు మొరాయిస్తుంది. తగువు ఎక్కువగా జావాతోనో, కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్‌తోనో. భద్రతా సెట్టింగులు కొన్ని సడలించక తప్పదు, కానీ ఆ సడలింపు ఒక్క మెషీన్ గడప దాటకూడదు. డేటాబేస్ సర్వర్‌లో ఓ మూల ఇన్‌స్టాల్ చేసేద్దామనుకోకండి. దీనికంటూ ఒక వర్చువల్ మెషీన్ పెట్టండి.

మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీలో విండోస్ సర్వర్ 2008 ఆర్2 కావాలంటే జనరేషన్ 1 ఎంచుకోండి, జనరేషన్ 2లో అది నడవదు. 4 జీబీ ర్యామ్, 60 జీబీ డిస్క్ మామూలుగా చాలు. ఈ విండోస్‌కు పొడిగించిన మద్దతు (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్) 2020 జనవరి 14న, 2012 ఆర్2కు 2023 అక్టోబర్ 10న ముగిసింది. అందుకే నెట్‌వర్క్ కార్డును స్టోరేజ్ మేనేజ్‌మెంట్ వీలాన్‌లో (విడిగా వేరుచేసిన నెట్‌వర్క్‌లో) మాత్రమే ఉంచి, డీఫాల్ట్ గేట్‌వే ఖాళీగా వదిలేయండి. డొమైన్‌లో చేర్చకండి. లాగిన్ హైపర్-వీ కన్సోల్ నుంచే.

కన్సోల్ జావా వెబ్ స్టార్ట్‌తో (వెబ్ లింకు నుంచి జావా ప్రోగ్రామ్‌ను తెరిచే పద్ధతితో) తెరుచుకునే రకమైతే ఒరాకిల్ జావా 8 వేయండి. జావా 11లో వెబ్ స్టార్ట్ తీసేశారు. జావా కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లి, ఎరే చిరునామాను పోర్టుతో సహా ఎక్సెప్షన్ సైట్ లిస్టులో చేర్చండి.

అయినా 'హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్' వస్తే కారణం ఇది: జావా 8 అప్‌డేట్ 291 నుంచి టీఎల్‌ఎస్ 1.0, 1.1 రెండూ నిషేధిత జాబితాలో ఉన్నాయి. జావా ఫోల్డర్‌లో లిబ్, దాని లోపల సెక్యూరిటీ, అక్కడ జావా.సెక్యూరిటీ అనే ఫైలు ఉంటుంది. కాపీ తీసి పెట్టుకుని, నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, లేకపోతే సేవ్ కాదు. జేడీకే.టీఎల్‌ఎస్.డిసేబుల్డ్‌ఆల్గారిథమ్స్ వరుసలో టీఎల్‌ఎస్‌వీ1 ఒక్కటే తీసేసి చూడండి. మరీ పాత ఎరే అయితే ఆర్‌సీ4 లేదా 3డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతుల పేర్లు కూడా తీయాల్సి రావచ్చు.

మార్చినా ఫలితం లేదా? మీరు దిద్దింది 64 బిట్ జావా, కన్సోల్ వాడుతున్నది 32 బిట్‌ది కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో జావాడబ్ల్యూ అనే ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్ లొకేషన్ తెరిస్తే ఏ ఫోల్డరో తెలిసిపోతుంది. జావా అప్‌డేట్ కొత్త ఫోల్డర్ వేసి మీ మార్పును పక్కన పడేస్తుంది, కాబట్టి ఆటో అప్‌డేట్ ఆపేయండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. కొన్ని కన్సోళ్లు ఎరేతో డిస్క్ డేటా నడిచే ఐస్కజీ లేదా ఫైబర్ ఛానల్ దారిలోనే మాట్లాడతాయి, అప్పుడు ఇతర సర్వర్ల లన్‌లు (ఎరే వాటికి కేటాయించిన డిస్కులు) కూడా ఈ మెషీన్‌కు కనపడవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనిషియలైజ్ డిస్క్' అని అడుగుతుంది. ఓకే నొక్కారో, అంతే, ఆ సర్వర్ డేటా పాడవచ్చు. ఉదాహరణకు లైనక్స్ ఎల్‌వీఎం (లైనక్స్ డిస్కులను పంచే వ్యవస్థ) నేరుగా లన్ మీద ఉంటే దాని లేబుల్ మామూలుగా రెండో సెక్టార్‌లో ఉంటుంది, విండోస్ జీపీటీ (డిస్క్ విభాగాల పట్టిక) హెడర్ రాసేదీ సరిగ్గా అక్కడే. కేబుల్ కలపకముందే డిస్క్‌పార్ట్ కమాండులో శాన్ పాలసీని (కొత్తగా కనపడే డిస్కులను ఏం చేయాలో చెప్పే సెట్టింగును) ఆఫ్‌లైన్‌ఆల్‌గా మార్చండి. ముందే కనపడిన డిస్కులకు అది వర్తించదు, వాటిని చేత్తో ఆఫ్‌లైన్ చేయాలి.