గడ్డి మిషను అడుగున ముద్ద కట్టకుండా

కోనసీమలో వానాకాలం వస్తే పెరట్లో గడ్డికి పట్టపగ్గాలుండవు. తోసుకుంటూ కోసే పెట్రోలు మిషను పది అడుగులకోసారి ఆగిపోయేది. అడుగున చూస్తే పేడముద్దలా అంటుకున్న పచ్చగడ్డి.

ఇప్పుడు కోతకు ముందు అడుగున రెండు చెంచాల వంటనూనె పూస్తున్నాను. మా ఇంట్లో కొబ్బరి నూనెకు కరువు లేదు కనుక అదే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు ఈ పని పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు ఇంజను స్పార్కు ప్లగ్గు వైరు లాగేయాలి. వైరు ఉండగా బ్లేడును చేత్తో తిప్పితే ఒక్కోసారి ఇంజను అందుకుంటుంది, వేళ్లు పోతాయి. ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి వచ్చేలా పక్కకు వాల్చాలి. నేను మొదటిసారి ఆ వైపు కిందికి వచ్చేలా వాల్చాను. ఇంజను ఆయిలు ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి, స్టార్టు చేయగానే వీధంతా తెల్లటి పొగ! పాత గడ్డిని చెక్కముక్కతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, నూనె పలచగా రాస్తే చాలు.

రాలిన కొబ్బరి పిందెలు, మట్టలు ముందే ఏరేయండి. బ్లేడు తగిలితే పిందె రాయిలా ఎగురుతుంది. గడ్డి ఏపుగా ఉంటే మొదట మిషను ఎత్తుగా ఉండేలా చక్రాలు పై మెట్టులో పెట్టి ఒకసారి, తర్వాత దించి ఇంకోసారి కోయాలి.

వాన వెలిసిన వెంటనే కోస్తే మాత్రం ఎంత నూనె రాసినా ముద్ద కడుతుంది. తడి ఆరేదాకా, అంటే ఎండ ఉన్న రోజు పది దాటేదాకా ఆగాల్సిందే. రెండు మూడు కోతలకు నూనె మళ్లీ రాయాలి.