శాటిలైట్ టీవీ ట్యూనర్ కార్డు కొనే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

శాటిలైట్ టీవీ ట్యూనర్ కార్డు అంటే డిష్ నుంచి వచ్చే టీవీ ప్రసారాలను కంప్యూటర్‌లో చూసేందుకు బిగించే కార్డు. ముందుగా కంప్యూటర్ మూత తీసి, మదర్‌బోర్డు (ప్రధాన సర్క్యూట్ బోర్డు)పై కార్డు బిగించేందుకు ఖాళీగా ఉన్నది పాత పీసీఐ స్లాటో, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటో కళ్లారా చూసుకోవాలి. ఒకదాని కార్డు మరొకదానిలో పట్టదు. డీవీబీ-ఎస్2 (శాటిలైట్ టీవీ ప్రసారాల రెండో తరం ప్రమాణం) ప్రసారాలను కూడా అందుకునే కార్డునే ఎంచుకోవడం మేలు. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వచ్చే డీడీ ఫ్రీ డిష్‌లోని ఉచిత ఛానెళ్లను దీనితో చూడవచ్చు గానీ, చందా డీటీహెచ్ ఛానెళ్లు కూడా వస్తాయని దుకాణదారు చెబితే నమ్మరాదు. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఉందో లేదో డబ్బు చెల్లించకముందే నిర్ధారించుకోవాలి.

కేబుల్ విషయంలో మాత్రం ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. డిష్ మీద ఉండి సంకేతాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు ఈ కార్డు నుంచే వెళ్తుంది కనుక, కనెక్టరులో పైఅల్లిక తీగ పోగు ఒక్కటి నడిమి తీగకు తగిలినా షార్టయి కార్డు దెబ్బతినవచ్చు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే కేబుల్ బిగించాలి.