నందికి నాటిక పెడుతున్నారా? అయితే ఇవి చూసుకోండి

ఊళ్ళో శివరాత్రికి నాటిక ఆడి, ఒకట్రెండు నాటక పరిషత్తుల పోటీల్లో షీల్డులు కూడా తెచ్చుకుని, ఇక రాష్ట్ర ప్రభుత్వం నడిపే నంది నాటక పోటీలకే పెడదాం అనుకుంటుంటే ముందు నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. నంది నాటకోత్సవాలు 1998లో మొదలైనా ఏటా ఠంచనుగా జరగలేదు, కాబట్టి ఎప్పటివో పాత నిబంధనలు పట్టుకుని కూర్చుంటే కుదరదు. 2023 డిసెంబరులో అయితే మన గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే పెట్టారు. ఇంకోటి, కందుకూరి పురస్కారాలు వేరు. అవి రంగస్థలానికి చేసిన సేవకి ఏప్రిల్ 16న, వీరేశలింగం గారి జయంతికి ఇచ్చేవి, పోటీలో ఆడి గెలుచుకునేవి కావు.

పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, ఇలా విభాగాలుంటాయి. కొత్త నాటక సమాజమైతే, నాటకం కన్నా చిన్నదైన నాటికే నయం. పద్యనాటకం అంటే హార్మోనిస్టు, శ్రుతిలో పద్యం ఎత్తుకునే గొంతులు, కిరీటాలు, అద్దె డ్రెస్సులు... చేయి కాలుతుంది. రచయిత అనుమతి మాత్రం కాగితం మీద, సంతకంతో తీసుకోండి. ఫోన్లో "వేసుకోండి నాయనా" అన్నారని సరిపెట్టుకోవద్దు.

అసలు తలనొప్పి స్త్రీ పాత్రలతోనే. పరిషత్తులు తిరిగే నటీమణులు మన దగ్గర కొద్దిమందే, ఒక్కొక్కరు రెండు మూడు సమాజాలకి చేస్తుంటారు, సీజన్లో డేట్లు దొరకవు. అందుకే స్క్రిప్టు ఖాయమైన రోజే డేట్లు, పారితోషికం, రానుపోను ఛార్జీలు అన్నీ మాట్లాడేసుకోండి. పేరున్న ఆర్టిస్టు కదా అని చివరి రెండు రిహార్సల్స్‌కి వస్తే చాలని ఒప్పుకున్నారనుకోండి, స్టేజీ మీద దొరికిపోతారు. ఆవిడ తన డైలాగులు అక్షరం పోకుండా చెప్పేస్తారు, కానీ ఎదుటివాడు ఏడుస్తుంటే ఆవిడ ముఖంలో ఏమీ ఉండదు, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. జడ్జీలకి అది ఇట్టే తెలిసిపోతుంది.

ముందు ప్రాథమిక పరిశీలన ఉంటుంది, అందులో నిలిచినవే ఫైనల్‌కి వెళ్తాయి. "అప్పుడు చూపిద్దాంలే మన తడాఖా" అని ఇక్కడ మేకప్ లేకుండా, మ్యూజిక్ సగం సగం పెట్టి ఆడే సమాజాలుంటాయి, మీరు ఆ పని చేయకండి. దరఖాస్తులో సంగీతం, రంగాలంకరణ, లైటింగ్, ఆహార్యం (వేషం, మేకప్) ఎవరి పేరున రాస్తున్నారో అందరి ముందే తేల్చేయండి, వాటికి విడివిడిగా బహుమతులుంటాయి మరి. గెలిచాక వచ్చే గొడవలన్నీ ఈ కాగితం దగ్గరే పుడతాయి.

గొంతు సంగతి కూడా చూసుకోండి. స్టేజీ పైన వేలాడే మైకులు గుసగుసని పట్టుకోవు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు ఒక పూట దొరికితే ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి మొత్తం ఆడి చూడండి. సెట్టు వేయడం, తీయడం కూడా గడియారం పెట్టుకుని రిహార్సల్ చేయాల్సిందే, ఎందుకంటే నాటికకీ నాటికకీ మధ్య దొరికేది కాస్త సమయమే. తలుపు ఫ్రేము ఎవరు మోస్తారు, మేకులు ఎవరి జేబులో ఉంటాయి, అంతవరకూ రాసిపెట్టుకోండి.

ఆట అయిపోయాక జడ్జీల చుట్టూ తిరిగి "ఎలా ఉందండీ" అని అడగొద్దు. సామాన్లు సర్దుకుని, తర్వాతి సమాజం వాళ్ళకి స్టేజీ ఖాళీ చేసి ఇవ్వండి.