పద్మనాభం కొండను బల్ల మీద కట్టడం: థర్మోకోల్, పుట్టీ, జేగురు

1794 జూలై 10న విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర విజయనగరం చినవిజయరామరాజు సేన ఈస్టిండియా కంపెనీ దండుతో తలపడింది. 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలతో ఆ పోరును బల్ల మీద ఆటగా ఆడాలంటే ముందు కొండ కావాలి, తర్వాత తాటిచెట్లు. అసలు కొండను బొమ్మల కొలతకే కడితే బల్ల చాలదు, కల్యాణమండపం కావాలి. 30×25 సెంటీమీటర్ల అడుగు పలక, ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది.

అడుగు పలకకు 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) తీసుకోండి. అట్ట వద్దు, విశాఖ తేమకు అప్పడంలా లేస్తుంది. ఎండీఎఫ్‌ కూడా వంగుతుంది: ఒకవైపే ఫెవికాల్ తడి తగిలితే ఆ వైపు ఉబ్బి, ఆరేటప్పుడు లాక్కుంటుంది. అందుకే మొదలుపెట్టకముందే రెండు వైపులా, అంచులకూ ఆయిల్ పెయింట్ ఒక కోటు వేసి, అది పూర్తిగా ఆరాక పై ముఖాన్ని గరుకు కాగితంతో కాస్త గీరండి. లేకపోతే ఫెవికాల్ పట్టదు.

కొండకు 25 మి.మీ. షీట్లు మూడు. దొరికితే ఎక్స్‌పీఎస్ (గుళ్లు లేని, నున్నటి గట్టి నురగ షీటు), లేకపోతే స్టేషనరీ షాపుల్లోని గట్టి థర్మోకోల్. టీవీ డబ్బాలో వచ్చేది కోస్తే గుళ్లుగుళ్లుగా రాలుతుంది, సముద్రపు గాలికి ఇల్లంతా అవే. కట్టర్‌కు కొత్త బ్లేడు వేసి, వాలుగా ఒకే లాగుడులో కోయండి. ప్రతి అంతస్తులోనూ 3 సెంటీమీటర్ల చదును వదలాలి. బొమ్మల అడుగు బిళ్ల 25 మి.మీ. ఉంటుంది కాబట్టి అంతకంటే ఇరుకైతే లోహపు బొమ్మలు జారి ముక్కులు విరగ్గొట్టుకుంటాయి.

షీట్ల మధ్య ఫెవికాల్ అంచుల నుంచి లోపలికి ఆరుతుంది. ఎండాకాలం ఒక రోజు, వానాకాలం రెండు రోజులు ఆగండి. ఈలోగా కదలకుండా అగరుబత్తి పుల్లలు నిలువుగా గుచ్చండి. సూపర్ గ్లూ, స్ప్రే పెయింట్ థర్మోకోల్‌ను తినేస్తాయి. పెయింట్‌లోని ద్రావకం, గ్లూలోని రసాయనం చేసే పని అది. పైన పూత పూర్తయ్యేదాకా రెండింటినీ దగ్గరికి రానివ్వకండి.

పూతకు వాల్ పుట్టీ రెండు గరిటెలు, జల్లించిన ఇసుక ఒకటి, ఫెవికాల్ అర గరిటె. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గారెల పిండిలా కలపండి. అందులోనే ఒక చెంచా జేగురు వేస్తే తర్వాత ఎక్కడైనా పెచ్చు లేచినా తెల్లగా బయటపడదు. పూత 2 మి.మీ. దాటకూడదు. మందంగా పులిమితే పైభాగం ముందే ఆరి నెర్రెలిస్తుంది, ఫ్యాను కింద పెట్టినా అంతే. వేలికి అంటనంతగా బిగిశాక నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో అద్దితే రాతి గరుకు వస్తుంది. ఫాయిల్ అతుక్కుంటే ఇంకాస్త ఆగాలి.

ఇసుక ఇళ్లు కట్టే చోట దొరికేదే మేలు. బీచ్ ఇసుకలో ఉప్పు తేమ పీలుస్తూ పూతను లేపేస్తుంది. అదే వాడాలంటే మంచినీళ్లతో మూడుసార్లు కడగండి. రంగు బాగుంది కదా అని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తేకండి. అది కాపాడుకోవాల్సిన భూగర్భ వారసత్వ స్థలం, పైగా పది రూపాయల జేగురు ఆ రంగునే ఇస్తుంది.

మొదట ముదురు గోధుమ రంగు, దాని మీద ఫెవికాల్ నీళ్లలో కలిపిన జేగురు. ఒక వంతు నలుపుకు పది వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పోస్తే సందుల్లోకి దిగుతుంది. సబ్బు లేకపోతే బొట్లుబొట్లుగా నిలిచిపోతుంది. చివర లేత ఇసుక రంగు ముంచిన బ్రష్‌ను గుడ్డకు తుడిచి తుడిచి, కనీకనపడనంత రంగు మిగిలాక గుట్టల కొనలకు తాకించండి.

ఇక తాటిచెట్లు. కేకుల మీద పెట్టే ప్లాస్టిక్ చెట్లు కొబ్బరిచెట్లు, ఇక్కడ పనికిరావు. 12 సెంటీమీటర్ల వెదురు పుల్లకు సన్నని పురికొస వరుసగా చుట్టి, పీచు అణిగేలా ఫెవికాల్ పూయండి. మొదలు లావుగా ఉండాలి కాబట్టి కింద 3 సెంటీమీటర్లు పుట్టీ పెట్టండి. మానుకు బూడిద కలిసిన నలుపే వేయాలి. ఆకులకు 3 సెంటీమీటర్ల గుండ్రని బాండ్ పేపరు ముక్కలు పద్నాలుగు. ఒక్కోదాన్ని నాలుగుసార్లు సగానికి మడిచి విప్పి, మడతల మధ్య అంచును మూడో వంతు లోతుకు కత్తిరించండి. కొబ్బరి ఈనె ముక్క కాడ అవుతుంది. తలలో శనగగింజంత ఎం-సీల్ (కలిపాక గట్టిపడే ముద్ద జిగురు) పెట్టి, అది గట్టిపడేలోపే కాడలు గుచ్చాలి. కింది నాలుగైదు ఆకులు ఎండి వేలాడాలి, అప్పుడే అది తాడిలా ఉంటుంది. అడుగున ఇనుప వాషర్ అంటిస్తే పడిపోదు.

గడ్డికి రంపపు పొట్టును ఆకుపచ్చ అక్రిలిక్‌లో కలిపి, ఎండబెట్టి, టీ వడపోతతో చల్లండి. స్ప్రే వార్నిష్ తేమ రోజుల్లో కొడితే తెల్లటి మసక పొర కడుతుంది. మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో వేసుకోవడం నయం. ఆరిందనిపించినా వారం దాకా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టకండి, అతుక్కుని గడ్డితో సహా ఊడివస్తుంది.