పాఠం 4: సొట్టపోయిన మాస్కులు, గొడుగు గుడ్డతో గబ్బిలం రెక్కలు

ఈసారి నేరుగా రెక్కల్లోకి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠంలో బెలూన్ మీద పిండి జిగురుతో పొరలు పొరలుగా అంటించి చేసిన కాగితం మాస్క్ చాలామందికి కుదరలేదు. మీరు రాసినవన్నీ చదివితే కష్టాలు మూడే. బెలూన్ పగలగొట్టగానే మాస్క్ లోపలికి కుంగింది. రెండు రోజులకు బూజు వాసన వచ్చింది. పిల్లాడికి పెడితే ఏమీ కనపడలేదు. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగే హాలోవీన్ పండగ అక్టోబర్ 31నే వస్తుంది, మనకోసం వాయిదా పడదు. అయినా ఇవి తేలకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ముందు సొట్ట సంగతి. ఆరడం లేదని చాలామంది హెయిర్ డ్రయ్యర్ పెట్టారు, కొందరు ఎండలో ఉంచారు. వేడికి బెలూన్‌లోని గాలి ఉబ్బుతుంది, పైనున్న తడి కాగితం సాగి చీలుతుంది. చల్లబడగానే బెలూన్ ముడుచుకుంటూ తనకు అంటుకున్న కాగితాన్ని లోపలికి లాగుతుంది. ఎక్కువ మాస్కుల్లో జరిగింది ఇదే. ఇంకో కారణం, నాలుగు పొరలూ ఒకేసారి అంటించడం. పైపొర పెళపెళలాడుతుంటే ఆరిందనుకుంటాం, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. ఒకటి రెండు పొరలు వేసి, ఒక రాత్రి ఫ్యాన్ గాలికి వదిలి, మర్నాడు మిగతావి వేయండి. ఆరిందో లేదో వేలితో తెలియదు. చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల నీరు ఇంకా ఆవిరవుతోందన్నమాట. ఇంకో రోజు ఆగాలి. ఈ పరీక్ష పోయిన పాఠంలోనే చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా పొరపాటే.

కుంగిన మాస్క్ పారేయక్కర్లేదు. లోపలివైపు సొట్ట ఉన్నచోట మాత్రమే తడిగుడ్డతో అద్దండి. మెత్తబడ్డాక నలిపిన కాగితపు ఉండ కూరి, బయటికి నొక్కి, అలాగే ఆరనివ్వండి. బూజు పట్టినది మాత్రం దాచుకోవద్దు, పిల్లల ముక్కుకు ఆనేది అది. ఈసారి జిగురు కోసం ఒక కప్పు మైదాకు రెండు కప్పుల నీళ్లు కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా ఉడికించి, చెంచాడు ఉప్పు వేయండి. నేను పచ్చి పిండి జిగురు వాడటం ఎప్పుడో మానేశాను.

ఇప్పుడు కళ్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎన్నిసార్లు చెప్పినా జనం ఇదే తప్పు చేస్తున్నారు, దాని ఫలితం మాత్రం పిల్లలకు తగులుతోంది.

అందరూ ముందు మాస్క్‌కు బొమ్మ గీస్తారు. బొమ్మలో కళ్లు ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడ రంధ్రం కోస్తారు. దెయ్యానికి కళ్లు దూరందూరంగా ఉంటే బాగుంటుంది, గుడ్లగూబకు ఇంకా దూరంగా ఉంటే బాగుంటుంది. కానీ చూడాల్సింది దెయ్యం కాదు, లోపలున్న ఆరేళ్ల పిల్ల. పెద్దవాళ్లకు రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఐదారేళ్ల పిల్లలకు 50 దగ్గర ఉంటుంది. మీ ముఖానికి పెట్టుకుని చూసి కోస్తే, ఆ పిల్ల ఒక కంటితోనే చూస్తుంది, లేదా మాస్క్‌ను పక్కకు లాక్కుంటూ నడుస్తుంది.

కాబట్టి స్కేలు తీసుకోండి. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, దూరంగా గోడకేసి చూడమనండి. స్కేలును నుదుటికి ఆనించి ఒక కంటిపాప నుంచి ఇంకో కంటిపాపకు ఎంతో చూసి రాసుకోండి. ఇంకా కోయని మాస్క్‌ను ముఖానికి పెట్టి, ముక్కుదూలం ఎక్కడ తగులుతోందో లోపలివైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి అటు సగం, ఇటు సగం కొలిచి చుక్కలు పెట్టండి. మాస్క్ తీసి పక్కన పెట్టాకే కత్తెర ముట్టుకోవాలి. ముఖం మీద ఉండగా గుచ్చి చూడొద్దు. ఎత్తు విషయంలోనూ పొరబడతారు. కళ్లు నుదుటి దగ్గర ఉంటాయనుకుని పైన కోస్తారు. గడ్డం నుంచి నడినెత్తి దాకా కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి.

రంధ్రం ఎంత ఉండాలి? మూడు సెంటీమీటర్లు చాలని పోయినసారి రాశాను. మాస్క్ ముఖానికి దగ్గరగా ఉంటేనే అది చాలు. కంటికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న రంధ్రం నాలుగుకు జరిగితే కనిపించే మేర దాదాపు సగానికి పడిపోతుంది. బెలూన్ మీద చేసిన మాస్క్ గుండ్రంగా ఉండి ముఖానికి ఎడంగా నిలబడుతుంది కదా, అందుకే మీ పిల్లలకు చీకటి కమ్మినట్టు అనిపించింది. లోపల నుదుటి దగ్గర, చెంపల దగ్గర స్పాంజి ముక్కలు అంటించి అటూ ఇటూ కదలకుండా చేయండి, రంధ్రాన్ని పెంచండి. పెంచేటప్పుడు పైకి కాదు, కిందికి పెంచాలి. మెట్టు, గడప, కాలికింద రాయి అన్నీ కిందే ఉంటాయి. పెద్ద రంధ్రం వికారంగా ఉంటుందని భయం వద్దు. చుట్టూ నల్లరంగు వేస్తే రంధ్రం ఎక్కడ మొదలైందో చూసేవాళ్లకు తెలియదు.

నన్నడిగితే ఆరేళ్ల లోపు పిల్లలకు ముఖం మీద మాస్కే వద్దు. అదే మాస్క్‌కు ఎలాస్టిక్ కట్టి నుదుటి మీదికి టోపీలా పెట్టి, ముఖానికి రంగు వేస్తాను. ముందురోజే మోచేతి లోపల కొంచెం రంగు రాసి, మర్నాటికి దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి వాడాలి.

ఇక రెక్కలు. ఇది తేలిక. ఊచలు విరిగిన నల్ల గొడుగు ఒకటి, పిల్ల వేసుకునే నల్ల పొడుగు చేతుల చొక్కా ఒకటి ఉంటే చాలు. గొడుగు అంచున ప్రతి ఊచ కొననూ, మధ్యలో ఊచకు వేసిన ముడులనూ విప్పి, పైమొన తీస్తే గుడ్డ మొత్తం చేతికి వస్తుంది. ఊచలన్నీ పారేయండి. రెక్క బిగువుగా ఉండాలని ఒకటి రెండు ఉంచేవాళ్లు ఉన్నారు, గుంపులో నడిచేటప్పుడు అవి పక్కపిల్లల కళ్లకు తగులుతాయి.

మామూలు గొడుగులో ఎనిమిది ముక్కోణపు ముక్కలుంటాయి. రెక్కకు మూడు చొప్పున తీసుకోండి, మిగిలిన రెండూ చెవులకు. రెండు ముక్కలతో రెక్క చేస్తే అద్దం ముందు చక్కగా కనిపిస్తుంది, కానీ చెయ్యి భుజం ఎత్తు దాకానే లేస్తుంది. తలుపు గంట నొక్కబోతే చంకలో పర్రుమంటుంది. మూడుంటే చెయ్యి ఇంకా పైకి లేస్తుంది. సన్నటి కొన చంక వైపు రావాలి. ఒక పక్క చేతి కింద మణికట్టు వైపు, ఇంకో పక్క నడుము వైపు. వంపులు తిరిగిన అంచు బయటికి ఉంటుంది, అదే గబ్బిలం అందం. పొడుగు ఎక్కువైతే ఆ అంచును ముట్టుకోవద్దు, సన్నటి కొన దగ్గర ఎనిమిది, పది సెంటీమీటర్లు కత్తిరించేయండి. చంకలో గుడ్డ కుచ్చుపడి ఒరుసుకోదు కూడా. కోసిన అంచులు మడిచి కుట్టండి.

చొక్కాకు నేను మిషన్ కుట్టు వేయను. పిల్లకు చొక్కా తొడిగి, చేతులు చాపించి పిన్నీసులు పెట్టి, విప్పాక ఐదేసి సెంటీమీటర్లకు ఒక టాకా వేస్తాను. పండగయ్యాక టాకాలు తెంపితే చొక్కా చొక్కాలానే మిగులుతుంది.

గొడుగు గుడ్డ ఎక్కువగా నైలాన్ లేదా పాలియెస్టర్. మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. గుమ్మడికాయ దీపాల్లో కొవ్వొత్తి బదులు బ్యాటరీ లైటు పెట్టండి, ఎదుటివాళ్ల గుమ్మం ముందు కొవ్వొత్తి ఉంటే రెక్కలు ముడుచుకుని వెళ్లడం పిల్లకు నేర్పండి. నల్లరెక్కలు చీకట్లో కనపడవు కాబట్టి వీపు మీద, రెండు చేతుల మీద వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ టేపు అంటించాలి.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది. అంతా తొడిగి, సాయంత్రం వెలుతురు తగ్గాక, పిల్లను మెట్లు ఎక్కి దిగమనండి. నేల మీద పడేసిన ఐదు గుండీలు ఏరమనండి. తలపైకి చెయ్యెత్తి తలుపు తట్టమనండి. బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్లి రాగలగాలి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ లాక్కుందో, ఎక్కడ మీ సాయం అడిగిందో రాసుకుని, అక్కడ విప్పి మళ్లీ కుట్టండి. రెండోసారి ఇదంతా ఆపకుండా చేయగలిగిందాకా చెవుల జోలికి వెళ్లకండి. అవి పాఠం 5లో.