క్యాన్సర్ చికిత్సలో ఉన్న పెద్దవాళ్లు బరువు తగ్గకుండా చూసుకోవడం ఎలా?

ఇంట్లో పెద్దాయనకు క్యాన్సర్ అని తెలిస్తే చుట్టాలు ముందుగా చెప్పేది ఏం పెట్టకూడదో. పంచదార వద్దు, పాలు వద్దు, మాంసం వద్దు అంటారు. చివరికి కంచంలో మిగిలేది చారన్నం, పక్కన గోధుమగడ్డి రసం. కీమో నడుస్తున్న డెబ్బై ఏళ్ల మనిషికి అది చాలదు. కండ తగ్గినవాళ్లకు సైడ్ ఎఫెక్టులు ఎక్కువ, ఆపరేషన్ తర్వాత కోలుకోవడమూ ఆలస్యం.

1. బరువు రాసిపెట్టండి. వారానికోసారి, పొద్దున టిఫిన్‌కు ముందు, ఒకే మిషన్ మీద చూడాలి. ఆరు నెలల్లో 5 శాతానికి మించి, అంటే 60 కిలోల మనిషి 3 కిలోల పైన తగ్గితే "వయసు కదా" అని వదిలేయకండి, డాక్టర్‌కు చెప్పండి. లావుగా ఉన్నవాళ్లు తగ్గినా సంబరపడొద్దు, కరిగేది కండే కావచ్చు. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే మిషన్‌ను నమ్మలేం. అప్పుడు చొక్కా వదులవుతోందా, గాజులు జారుతున్నాయా చూడండి.

2. ప్రొటీన్ లెక్క వేయండి. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు కావాలి. 50 కిలోల అమ్మమ్మకైతే 50–75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. చారు బదులు ముద్దపప్పు, నెయ్యి. ఉప్మా బదులు పెసరట్టు. మాంసం తినేవాళ్లకు మెత్తగా ఉడికిన చికెన్, ముళ్లు తీసిన చేప. మసాలా తగ్గించి ఇంట్లో చేసిన హలీం ఇంకా మేలు: మాంసం, గోధుమ, పప్పు, నెయ్యి అన్నీ అందులోనే ఉంటాయి, నమలక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ప్రొటీన్ పెంచొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు తిండి కోసేయకుండా, మందులు సర్దమని అడగండి.

3. కంచం నిండా వడ్డించకండి, చూడగానే ఆకలి చచ్చిపోతుంది. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టండి. నీళ్లు, మజ్జిగ భోజనం మధ్యలో కాకుండా విడిగా ఇవ్వండి.

4. నోట్లోకి చూడండి. "ఆకలి లేదు" అనేవాళ్లలో కొందరికి అసలు బాధ నోటిపూత, లేదంటే బరువు తగ్గి వదులైన కట్టుడు పళ్లు. లోహం రుచి వస్తోందంటే స్టీలు చెంచా మార్చండి.

5. ఇన్ఫెక్షన్లను అడ్డుకునే తెల్లకణాలు రక్తంలో పడిపోయే రోజుల్లో బండి మీద కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ, సగం ఉడికిన గుడ్డు వద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

6. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, ఓపీకి వెళ్లేటప్పుడు ఆ బరువుల కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టర్ టైం తక్కువ. "డైటీషియన్‌కు రాయండి" అని మీరే అడగండి. రోజూ కాసేపు నడిపించవచ్చా అన్నదీ అక్కడే తేల్చుకోండి. కదలికే లేకపోతే పెట్టిన గుడ్లు, పాలు కండగా మారడం కష్టం.